సంతకం దాకా వచ్చి ఆగవద్దు

జనగణనలో అక్షరాస్యత అనే మాటకు స్పష్టమైన నిర్వచనం ఉంది. ఏడేళ్లు, ఆపై వయసున్న వ్యక్తి ఏదైనా ఒక భాషను అర్థం చేసుకుంటూ చదవగలగాలి, రాయగలగాలి. చదవడం మాత్రమే వచ్చి రాయడం రాకపోతే ఆ వ్యక్తి నిరక్షరాస్యుల పద్దులోకే వెళతాడు. ఈ నిర్వచనాన్ని చేతబట్టుకొని గరిడేపల్లి వంటి మండలాల్లోని ముస్లిం వాడలను చూస్తే ఒక విచిత్రమైన స్థితి ఎదురవుతుంది. బాల్యంలో ఖాయిదా ముగించి, ఖుర్‌ఆన్‌ను నాజిరాగా పారాయణం చేయగల స్త్రీ, అంటే లిపిని కంటితో చూసి ధ్వనిని తడబాటు లేకుండా పలకగల స్త్రీ, ప్రభుత్వ లెక్కలో నిరక్షరాస్యురాలు. అర్థం తెలియదు, రాయడం రాదు కనుక ఆ లెక్కను తప్పుపట్టలేము. అయితే ఆమెకు చదువు చెప్పబోయేవారు కూడా ఆ లెక్కనే నమ్మి, ఏమీ తెలియని మనిషిగా ఆమెను 'అ' దగ్గర కూర్చోబెడుతున్నారు. వయోజన విద్య పేరిట మన వాడలలో జరిగిన ప్రయత్నాలు మధ్యలోనే ఆగిపోవడానికి గల కారణాలలో ఇది ప్రధానమైనదని మా అభిప్రాయం.

నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోని ఈ పల్లెలలో మన స్త్రీలు వరినాట్లకు పోతారు, కుట్టుమిషన్ తొక్కుతారు, పొదుపు సంఘాలలో సభ్యులుగా ఉంటారు. పురుషులు లారీలు నడుపుతారు, మిర్యాలగూడ రైసుమిల్లులలో హమాలీ చేస్తారు, కోదాడ, సూర్యాపేటలలో మెకానిక్ షెడ్లలో పనిచేస్తారు. వీరిలో ఎవరి జీవితమూ కాగితం లేకుండా గడవడం లేదు. పొదుపు సంఘం పుస్తకం, బ్యాంకు పాసుపుస్తకం, ఆధార్, రేషన్ కార్డు, అప్పు పత్రం, పిల్లల ఉపకారవేతనం దరఖాస్తు, ఆసుపత్రి చీటీ. 2025లో బీహార్‌లో మొదలైన ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ ఆ తరువాత ఇతర రాష్ట్రాలకూ విస్తరించింది. ఇంటికి వచ్చిన ఫారమును చదివి నింపుకోగలవారికీ, మరొకరి దయ కోసం ఎదురుచూసేవారికీ మధ్య ఎంత అంతరముందో దేశం చూసింది. ఒక కార్డులో 'షేక్', మరో కార్డులో 'షైక్', ఒకచోట 'బేగం', మరోచోట 'బి' అని ఉంటే ఆ తేడాను మొదట గుర్తించవలసిన మనిషి ఎవరు? ఆ పేరు గల మనిషే. ఆ మనిషికి అది చదవడం రాకపోతే, తేడా బయటపడేది అధికారి బల్ల ముందే.

మన సముదాయం గురించి ప్రచారంలో ఉన్న ఒక అపోహను ఇక్కడే సవరించాలి. 2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక, 2001 జనగణన ఆధారంగా, దేశంలో ముస్లింల అక్షరాస్యత 59.1 శాతమనీ, దేశ సగటు 65.1 శాతమనీ తెలిపింది. అదే జనగణనలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముస్లింల అక్షరాస్యత 68 శాతం. రాష్ట్ర సగటు కన్నా అది దాదాపు ఏడు శాతం ఎక్కువ. ముస్లింలు చదువుకు దూరంగా ఉంటారనే మాట తెలుగునాట నిలవదు. కాని ఈ అంకెను చూసి పొంగిపోవలసిన పనీ లేదు. మన జనాభాలో పట్టణవాసుల పాలు ఎక్కువ కావడం దాని వెనుకనున్న ముఖ్య కారణం. హైదరాబాదు బరువు గల ఆ సగటు గరిడేపల్లిలో నాట్లు వేసే నలభై ఐదేళ్ల తల్లి సంగతిని చెప్పదు. 2011 లెక్కల ప్రకారం తెలంగాణ స్త్రీలలో అక్షరాస్యులు సుమారు 58 శాతమే.

ప్రభుత్వ పథకాలు రాలేదని అనలేము. 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం, 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్, 2009 సెప్టెంబరు 8న సాక్షర భారత్ వచ్చాయి. సాక్షర భారత్ ఏడు కోట్ల మందిని లక్ష్యంగా పెట్టుకొని అందులో ఆరు కోట్లు స్త్రీలే ఉండాలన్నది. గ్రామ పంచాయతీకి ఇద్దరు ప్రేరక్‌లను పెట్టి, నెలకు రెండు వేల రూపాయల గౌరవ వేతనం ఇచ్చింది. 2018 మార్చితో అది ముగిసింది. ఇప్పుడు 2022 నుంచి ఐదేళ్ల కాలానికి 'ఉల్లాస్' పేరిట నవభారత సాక్షరతా కార్యక్రమం నడుస్తున్నది. ఇది పూర్తిగా స్వచ్ఛంద సేవకుల మీద ఆధారపడినది. జీతం లేదు, కేంద్రం లేదు. ప్రభుత్వం తన బాధ్యతను తగ్గించుకున్నదన్న విమర్శలో న్యాయముంది. అయినా అందులో మనకు ఉపయోగపడే అంశమూ ఒకటుంది: పదిహేనేళ్లు దాటిన ఎవరికైనా, ఎక్కడైనా, ఎవరైనా చదువు చెప్పి పరీక్షకు పంపవచ్చు. మన ఇళ్లలో ఇంటరు, డిగ్రీ చదివే ఆడపిల్లలు ఉన్నారు. వారి తల్లులు, మేనత్తలు అదే గడపలో ఉన్నారు.

'ఒకరు ఒకరికి నేర్పాలి' అనే నినాదం మనం అనేక పథకాల గోడరాతలలో చూశాం. దాని పుట్టుక ఒక ముస్లిం సముదాయంలోనేనని చాలామందికి తెలియదు. 1930 ప్రాంతంలో ఫిలిప్పీన్స్‌లోని మిందనావో దీవిలో, మరనావో ముస్లింల మధ్య ఫ్రాంక్ లాబాక్ అనే క్రైస్తవ మిషనరీ అక్షరాస్యతా తరగతులు నడిపేవారు. ఆర్థికమాంద్యం వల్ల డబ్బు ఆగిపోయి ఉపాధ్యాయులకు జీతాలివ్వలేక తరగతులు మూసివేయబోతే, నేర్చుకున్న ప్రతివారూ మరొకరికి నేర్పి తీరవలసిందేనని ఒక మరనావో పెద్ద పట్టుబట్టాడు. లాబాక్ ఆ పద్ధతిని తరువాత అనేక దేశాలకు తీసుకెళ్లారు. అంతకు చాలా ముందే, హజ్రత్ షిఫా బిన్తె అబ్దుల్లాహ్ విశ్వాసుల మాత హజ్రత్ హఫ్సాకు రాయడం నేర్పిన సంగతి హదీసు గ్రంథాలలో ఉంది. పెద్దవారైన స్త్రీకి మరో స్త్రీ ఇంట్లో కూర్చొని రాత నేర్పడం మనకు కొత్త విషయమేమీ కాదు.

ఇక పద్ధతి సంగతి. మా అభ్యంతరం మొదట సంతకాల ఉద్యమం మీద. వేలిముద్ర నుంచి సంతకానికి రావడాన్ని గొప్ప విజయంగా చెప్పుకోవడం మన దగ్గర అలవాటయింది. వేలిముద్ర వేసేవారికి కాగితంలో ఏముందో చదివి వినిపించాలన్న పట్టింపు కొంతైనా ఉంటుంది. సంతకం చేసినవారిని మాత్రం చదివే చేశారని లోకం భావిస్తుంది. చదవడం రాని మనిషికి సంతకం ఒక్కటే నేర్పి వదిలిపెడితే, ఉన్న రక్షణ కూడా పోతుంది. కనుక సంతకాన్ని మొదటి వారంలో నేర్పినా ఫరవాలేదు, అక్కడితో ఆగితే మాత్రం అసలు మొదలుపెట్టకపోవడమే మేలు.

అక్షరమాల వరుసలో అ, ఆ, ఇ, ఈ అని మొదలుపెడితే 'ఋ' దాటేసరికే నెల గడుస్తుంది. ఆ నెలలో ఆమె చదవగలిగిన ఉపయోగకరమైన మాట ఒక్కటీ ఉండదు. పిల్లలకు కాలముంటుంది; పగలంతా మడిలో వంగి పనిచేసి వచ్చిన మనిషికి అంత ఓపిక ఉండదు. బ్రెజిల్ విద్యావేత్త పాలో ఫ్రేరే 1963లో అంజికోస్ అనే ఊరిలో మూడు వందల మంది శ్రామికులకు సుమారు నలభై గంటల బోధనతో చదువు నేర్పారు. వారి నిత్యజీవితంలోని పదాలను తీసుకొని, వాటిని అక్షరాలుగా విడగొట్టి, ఆ అక్షరాలతో కొత్త పదాలు కట్టించడం ఆయన పద్ధతి. మరుసటి ఏడు సైనిక ప్రభుత్వం ఆయనను జైలుపాలు చేసిందంటే, ఆ చదువు ఎవరికి ఇబ్బంది కలిగించిందో ఊహించవచ్చు. తెలుగు లిపికి గుణింతాలు, ఒత్తులు ఉన్నాయి కనుక నలభై గంటల ఆశ పెట్టుకోకూడదు. పద్ధతి మాత్రం మనకు చక్కగా సరిపోతుంది.

ఉదాహరణకు ఊరి పేరునే తీసుకోండి. గరిడేపల్లి. బస్సు బోర్డు మీద, పంచాయతీ గోడ మీద, ప్రతి కార్డు మీద ఉండే మాట. పలక మీద పెద్దగా రాసి, ముక్కలు చేయండి: గ, రి, డే, ప, ల్లి. గుణింతపు గుర్తులు, ఒత్తు తీసేస్తే చేతిలో మిగిలేవి ఐదు హల్లులు: గ, ర, డ, ప, ల. గుడి, ఏత్వం ఈ మాటలోనే ఉన్నాయి. దీర్ఘం, కొమ్ము చేర్చండి. గడప, గాలి, పాలు, పగలు, పాడి, పేడ, పల్లి, పిల్లి, రాగి, రేగడి, రేపు, లారీ, ఇవన్నీ ఆమె చదవగలుగుతుంది. వీటిలో ఆమెకు తెలియని మాట ఒక్కటీ లేదు. అదే అక్షరాలలో 'పేరు' అనే మాట కూడా ఉంది. ప్రతి దరఖాస్తులో మొదటి గడి అదే. వారం పది రోజులలో ఆమె ఒక ఫారమును చూసి తన పేరు ఎక్కడ రాయాలో వేలు పెట్టి చూపగలదు. తరువాతి మాట 'వరి' కావచ్చు. వ, ర అనే రెండు హల్లులతో వారి, వారు, రావి వస్తాయి. 'వ' వచ్చాక దాని పోలికలున్న మ, య నేర్పడం సులువు. కాని 'వు', 'మ' ఒకే రోజు పక్కపక్కన పెట్టవద్దు. ఈ రెంటి దగ్గర తడబడని అభ్యాసకులు అరుదు.

ఖాయిదా చదివినవారి విషయంలో ఇంతకన్నా దగ్గరి దారి ఉంది. ఖాయిదాలో 'బే జబర్ బ, బే జేర్ బి, బే పేష్ బు' అని హిజ్జె చేయించిన పద్ధతీ, మన పాత వీధిబడిలో 'కకు గుడిస్తే కి, కకు కొమ్మిస్తే కు' అని వల్లె వేయించిన పద్ధతీ ఒక్కటే. జబర్ మన తలకట్టు, జేర్ మన గుడి, పేష్ మన కొమ్ము. మద్ అక్షరం దీర్ఘం. జజ్మ్ ఉన్న అక్షరం మన పొల్లు. 'షేక్' చివర ఉన్నది అదే. తష్దీద్ మన ద్విత్వాక్షరం. అల్లాహ్ అనే పదంలో లామ్ మీద తష్దీద్ పలికిన నాలుక పల్లిలోని 'ల్ల'ను కొత్తగా నేర్చుకోనక్కరలేదు. ఈ పోలికలను ఆమెకు మొదటి వారంలోనే చెప్పాలి. తనకు ఇదంతా ముందే తెలుసునన్న ధైర్యం ఆమెకు కలగడం సగం బోధనతో సమానం. జాగ్రత్త పడవలసిన తేడాలు రెండున్నాయి. అరబీ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, తెలుగు ఎడమ నుంచి కుడికి. కనుక తొలి రోజులలో వరుస మొదట ఒక చుక్క పెట్టి ఉంచాలి. జేర్ అక్షరం కింద ఉంటుంది, గుడి పైన ఉంటుంది. ఈ రెండింటినీ సరిచేసుకోవడానికి కొద్ది రోజులు చాలు. నాజిరాలో లేని మెట్టు ఒకటి తెలుగులో ఎక్కాలి: పలికిన మాటకు అర్థమేమిటని ప్రతిసారీ అడగాలి. ధ్వని పలికి ముందుకు సాగిపోవడం ఆమెకు చిన్ననాటి అలవాటు. అర్థం దగ్గర ఆగడం కొత్త అలవాటు.

ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడేవారితో మరో పని చేయవచ్చు. ఆమె తన ఇష్టమొచ్చిన భాషలో నాలుగు వాక్యాలు చెబుతుంది. నేర్పేవారు ఒక్క మాటా మార్చకుండా తెలుగు లిపిలో రాస్తారు. 'ఆజ్ పానీ నై ఆయా' అని ఆమె అంటే అదే రాయాలి. తాను అన్న మాటే కనుక చదువుతున్నప్పుడు తరువాతి మాట ఏమిటో ఆమెకు ముందే తెలుసు. కన్ను అక్షరాన్ని వెతుక్కొని పట్టుకుంటుంది. మరునాడు అదే కాగితాన్ని మళ్లీ చదివించాలి. భాషను సరిదిద్దాలన్న ఉబలాటం చదువుకున్న పిల్లలకు ఎక్కువగా ఉంటుంది. అది ఇక్కడ పనికిరాదు.

అంకెల విషయంలో ఆమెను మనం పరీక్షించబోతే నవ్వుతుంది. కూలి లెక్క, వడ్డీ లెక్క నోటితోనే తేల్చగలదు. ఫోను మీద అంకెలను గుర్తుపడుతుంది. కనుక పాఠ్యపుస్తకంలోని కూడికలు వదిలి నోటును చేతికివ్వండి. మన రూపాయి నోటు వెనుక భాషల పట్టికలో పదిహేను భాషలుంటాయి. ఆ వరుసలో చివరి రెండు తెలుగు, ఉర్దూ. తెలుగు కింద ఉర్దూ. ఎంత విలువైన నోటో ఆమెకు తెలుసు కనుక అక్కడ ఏమి రాసి ఉందో ఊహించి చదవగలదు. ఇంతకన్నా చవకైన వాచకం దొరకదు. తరువాత మాత్రల పట్టీ మీద గడువు తేదీ, కరెంటు బిల్లు, బ్యాంకు నుంచి ఫోనుకు వచ్చే సందేశం.

రాతకు చేయి మొద్దుబారిందని పెద్దవారు వెనుకాడతారు. గోరింటాకు కోన్ పట్టి అరచేతిలో తీగలు, పువ్వులు దిద్దే చేతికి తెలుగు అక్షరాల వంపులు కష్టం కావు. ఆ మాట గుర్తుచేయాలి. పెద్ద అక్షరాలు పలక మీద, ఆ తరువాత గీతల పుస్తకంలో.

నలభై దాటినవారు 'నా బుర్రకు ఎక్కడం లేదు' అని మానుకుంటున్నారంటే ముందుగా అనుమానించవలసింది కళ్లను. దగ్గరి చూపు తగ్గడం ఆ వయసులో సహజం. 2018 ఆగస్టు 15న మొదలై, 2023 జనవరిలో రెండోసారి నడిచిన కంటి వెలుగు కార్యక్రమంలో చదువుకునే అద్దాలను ఉచితంగా ఇచ్చారు. ఆ అద్దాలు కొన్ని ఇళ్లలో అల్మారాలోనే ఉండి ఉంటాయి. చదవడం రాని మనిషికి చదివే అద్దాలెందుకన్న ఆలోచన సహజమే. పాఠం మొదలుపెట్టే ముందు వాటిని బయటకు తీయించండి. లేనివారిని ఆసుపత్రికి తీసుకెళ్లండి. దీపం వెలుతురు కూడా చూసుకోవాలి.

నేర్పేది పద్దెనిమిదేళ్ల పిల్ల, నేర్చుకునేది ఖాలా, చాచీ, ఫూఫీ. ఈ వరుసను మరచిపోతే పాఠం సాగదు. తప్పు చదివినప్పుడు వెంటనే అందించవద్దు. మనసులో ఐదు లెక్కపెట్టేంత సేపు ఆగాలి. అప్పటికీ రాకపోతే, 'మొదటి నుంచి ఇంకోసారి చదవండి ఖాలా' అనాలి. తప్పు అనే మాటే వాడనక్కరలేదు. 'వడ్లు' అని ఉన్నచోట 'వరి' అని చదివితే అర్థాన్ని పట్టుకొని చదువుతున్నదని లెక్క, అది మంచి సూచన. మొదటి అక్షరం తరువాత ఏముందో చూడమంటే చాలు. ఇరుగుపొరుగు ముందు, ముఖ్యంగా కోడళ్ల ముందు చదివించి పరీక్షించడం అసలే వద్దు. ఒక్కొక్కరి దగ్గర ఇద్దరో ముగ్గురో ఉంటే మేలు. ముప్పై మందిని పోగుచేసి ఫోటో తీయించుకునే తరగతి వారం నిలవదు. పురుషులకు వేరే సమయం, వీలైతే అన్నదమ్ములో, చదువుకున్న కొడుకో నేర్పాలి. లారీ నడిపేవారికి ఊళ్ల పేర్లే వాచకం.

జాతీయ అక్షరాస్యతా మిషన్ వాచకాలు మూడు పుస్తకాలకు సుమారు రెండు వందల గంటలు లెక్కగట్టాయి. రోజుకు గంటన్నర, వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు నెలలు పైబడుతుంది. కాలువ నీళ్లు వదిలాక నాట్లు, తరువాత కోతలు, మళ్లీ యాసంగి. అన్ని నెలలు ఏకధాటిగా ఈ ఆయకట్టు పల్లెలలో ఎవరికీ దొరకవు. నాట్ల నెలలో తరగతి పెట్టి, ఎవరూ రాలేదని నిందించడం అన్యాయం. నాట్లు అయిపోయి కోతలు మొదలయ్యే లోపు, యాసంగి నాట్లకూ కోతలకూ మధ్య, వేసవిలో, ఇలా మూడు విడతలుగా పంచుకోవాలి. పని రోజులలో కొత్త పాఠం లేకుండా పాత కాగితం ఒక్కటి చదివిస్తే చాలు. రంజాన్ ఇప్పుడు ఫిబ్రవరి ప్రాంతంలో వస్తున్నది. ఆ నెలలో జుహర్ తరువాత అరగంట కన్నా ఎక్కువ ఆశించకూడదు. విడతల మధ్య మరచిపోవడం తప్పదు, దానికి గాభరా పడనక్కరలేదు. ఉల్లాస్ పరీక్ష 150 మార్కులకు ఉంటుంది. చదవడం, రాయడం, లెక్కలు ఒక్కొక్కటి 50. ధ్రువపత్రం కోసం తొందరపడకుండా రెండో ఏడాది రాయించినా నష్టం లేదు. 2027 జనగణన వేళ మీకు చదువు వచ్చా అని గుమ్మంలో అడిగినప్పుడు ఆమే జవాబు చెప్పుకుంటుంది.

చదువు నేర్చాక ఏమి చదవాలి? నెల్లూరు జిల్లా అనుభవం ఈ ప్రశ్నకు జవాబు. అక్కడి అక్షరాస్యతా ఉద్యమంలో నవసాక్షరుల కోసం తయారుచేసిన పాఠాలు స్త్రీల సొంత కష్టాలను, అందులోనూ సారా పెట్టే బాధలను ప్రస్తావించాయి. ఆ పాఠాలు చదివి, చర్చించుకున్న దూబగుంట స్త్రీలు 1992లో ఊరిలో సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. నీతికథలు, పరిశుభ్రత సూక్తులు చదివించి ఉంటే అది జరిగేది కాదు.

మన స్త్రీల సొంత కష్టాలలో ఒకదాని పత్రం ఇంట్లోనే పెట్టెలో ఉంటుంది, నికాహ్‌నామా. ఇది తరచూ ఉర్దూలో ఉంటుంది కనుక తెలుగు ముందా ఉర్దూ ముందా అన్న వాదన ఇక్కడ వస్తుంది. చుట్టూ ఉన్న బోర్డులు, కార్డులు, బిల్లులు తెలుగులో ఉన్నందువల్ల గరిడేపల్లిలో తెలుగే ముందు రావాలన్నది మా మాట. 2017లో ఉర్దూ రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష అయినా మండల కార్యాలయంలో ఆమె చేతికొచ్చే కాగితం ఏ భాషలో ఉంటున్నదో అందరికీ తెలుసు. ఉర్దూను వదలమని కాదు. ఖాయిదా వచ్చినవారికి పే, టే, చే, గాఫ్ వంటి కొద్ది అక్షరాలు చేర్చి, జబర్ జేర్ లేకుండా చదవడం అలవాటు చేస్తే ఉర్దూ కొద్ది నెలల పనే. మూడో విడతలో ఆ పెట్టె తెరిపించి మహర్ రాసిన వరుసను చదివించాలి. వెంటనే చెల్లించవలసిన మహర్‌నూ ముఅజ్జల్ అంటారు, తరువాతికి వాయిదా వేసిన మహర్‌నూ ముఅజ్జల్ అంటారు. చెవికి రెండూ ఒకేలా వినబడతాయి. ఎవరు ఎంత చక్కగా చదివి వినిపించినా తేడా తెలియదు. మొదటి దానిలో మీమ్ తరువాత ఐన్ ఉంటుంది, రెండో దానిలో హమ్జాతో వావ్ ఉంటుంది. ఐన్, వావ్ ఆమె ఏడేళ్ల వయసులోనే నేర్చుకున్న అక్షరాలు.